ల్యాబ్ రిపోర్టులో సాల్మొనెల్లా అని వచ్చింది: ఈ బ్యాచ్‌ని ఏం చేయాలి, వచ్చే బ్యాచ్‌ని ఎలా కాపాడుకోవాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. తణుకు దగ్గర లేయర్ ఫారం (గుడ్ల కోసం కోళ్లు పెంచేది). కొత్తగా దింపిన 6 వేల పిల్లల్లో ఐదో రోజు నుంచి మరణాలు మొదలై, పన్నెండో రోజుకి రోజుకి నలభై, యాభై పోతున్నాయి. వెనక భాగంలో రెట్ట తెల్లగా సున్నంలా అంటుకుంటోంది. ల్యాబ్ వాళ్లు "సాల్మొనెల్లా పాజిటివ్" అని ఒక్క ముక్క రాసిచ్చారు. మందుల షాపులో చెప్పిన మూడు మందులు మార్చి మార్చి వాడారు, తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలైంది. రెండో షెడ్డులో 40 వారాల కోళ్లు గుడ్లు పెడుతున్నాయి. ఆ గుడ్లు అమ్మవచ్చా, వచ్చే బ్యాచ్‌కి ఇది రాకుండా ఏం చేయాలి?

ముందు ఆ రిపోర్టు సంగతి చూద్దాం. "సాల్మొనెల్లా పాజిటివ్" అనేది సగం రిపోర్టే. ఈ బ్యాక్టీరియాలో 2,500కి పైగా సీరోటైపులు, అంటే ఉపరకాలు, ఉన్నాయి. మీ షెడ్డులో ఉన్నది ఏదో తెలియకుండా ఏ నిర్ణయం తీసుకున్నా చీకట్లో బాణమే. కోళ్ల రైతు వాటిని మూడు గుంపులుగా గుర్తు పెట్టుకుంటే చాలు. మొదటిది పుల్లోరం, పిల్లల్లో తెల్లపారుడు తెచ్చేది. రెండోది గాలినారం, ఎదిగిన కోళ్లలో కోళ్ల టైఫాయిడ్ తెచ్చేది. ఈ రెండూ కోళ్ల ఒంటికే అలవాటు పడినవి, మనుషులకి సోకడం చాలా అరుదు. మూడో గుంపులో ఎంటరైటిడిస్, టైఫిమ్యూరియం, ఇన్ఫాంటిస్ లాంటివి బోలెడు. ఇవి పేగులో ఉన్నా పెద్ద కోడి మేత తింటుంది, గుడ్డు పెడుతుంది, చూడటానికి నిక్షేపంగా ఉంటుంది. ఆ గుడ్డు, ఆ మాంసం సరిగ్గా ఉడక్కుండా తిన్న మనిషికి మాత్రం 6 గంటల నుంచి 3 రోజుల లోపు జ్వరం, వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. కాబట్టి మీ పిల్లల షెడ్డులో మరణాలు ఒక సమస్య, మీ గుడ్ల షెడ్డు భద్రత ఇంకో సమస్య. రెండింటికీ ఒకే జవాబు ఉండకపోవచ్చు.

పనివాళ్లు "మాకూ టైఫాయిడ్ వస్తుందా" అని అడుగుతూ ఉంటారు. మనుషుల టైఫాయిడ్ తెచ్చేది సాల్మొనెల్లా టైఫి. అది మనుషుల్లోనే ఉంటుంది, కోళ్ల నుంచి రాదు. పేరు కలిసిందంతే. అయినా చచ్చిన పిల్లల్ని ఉత్త చేతులతో ఏరడం మానిపించండి, ఎందుకంటే షెడ్డులో మూడో గుంపు కూడా ఉండొచ్చు.

మీరు చెప్పిన లక్షణాలు పుల్లోరం వైపే చూపిస్తున్నాయి. గుడ్డు ద్వారా వచ్చినదైతే పొదిగిన వెంటనే కొన్ని పోతాయి. అవి పక్క పిల్లలకి అంటించాక రెండో, మూడో వారంలో మరణాలు శిఖరానికి చేరతాయి. పిల్లలు బ్రూడర్ (వెచ్చదనం ఇచ్చే దీపం) కింద గుంపుగా నక్కుతాయి, రెక్కలు వేలాడేస్తాయి. కోసి చూస్తే పచ్చసొన సంచి కరగకుండా మిగిలి ఉంటుంది. కాలేయం మీద ఆవగింజల్లాంటి తెల్ల చుక్కలు, ఊపిరితిత్తుల్లో, గుండె కండరంలో, కందనకాయలో బూడిద రంగు బుడిపెలు, గుడ్డి పేగుల్లో గట్టిపడిన జున్నుముక్క లాంటి పదార్థం కనిపిస్తాయి. గాలినారం అయితే బొమ్మ వేరు. పెద్ద కోళ్లలో జుట్టు, తమ్మెలు పాలిపోతాయి, రెట్ట పసుపు కలిసిన ఆకుపచ్చగా ఉంటుంది, కాలేయం ఉబ్బి కంచు రంగు మెరుపుతో కనిపిస్తుంది, ప్లీహం రెండు మూడు రెట్లవుతుంది. రోజూ కొన్ని చొప్పున వారాల తరబడి పోతూనే ఉంటాయి.

అయితే వెనక తెల్లగా అంటుకున్న ప్రతిదీ తెల్లపారుడు కాదు. హేచరీ నుంచి ఎండలో దూరం ప్రయాణం చేసి నీళ్లు తగ్గిన పిల్లలకీ అంటుకుంటుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నా రెట్టలో తెల్లదనం ఎక్కువవుతుంది. బ్రూడింగ్‌లో చలి తగిలినా అంతే. బొడ్డు కుళ్లి చచ్చేవాటిలో ఎక్కువ భాగం ఈ.కోలై. ఊపిరితిత్తుల్లో బుడిపెలు బూజు పట్టిన ఊక వల్ల వచ్చే ఆస్పర్‌జిల్లస్‌లోనూ ఉంటాయి. అందుకే రంగు చూసి మందు కొనడం దండగ.

ల్యాబ్‌కి ఏం పంపాలన్న దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. పుల్లోరం, గాలినారం అనుమానమైతే రెట్ట పంపొద్దు. ఈ రెండింటికీ కదిలే తోకలు లేవు. ఇప్పుడు చాలా ల్యాబులు రెట్ట పరీక్షకి వాడే ఎంఎస్ఆర్‌వి అనే మీడియం (బ్యాక్టీరియాని పెంచే పదార్థం) బ్యాక్టీరియా ఈదుకుంటూ పాకడం మీదే ఆధారపడి పనిచేస్తుంది. ఈదలేనివి అందులో కనిపించవు, రిపోర్టు నెగిటివ్ వస్తుంది, మీరు ఊపిరి పీల్చుకుంటారు, కోళ్లు పోతూనే ఉంటాయి. పంపాల్సింది అప్పుడే చచ్చిన, లేదా చావుకి దగ్గరగా ఉన్న ఐదారు పిల్లల్ని. వాటి కాలేయం, ప్లీహం, పచ్చసొన సంచి, గుడ్డి పేగుల నుంచి తీయమనండి. పెద్ద కోళ్లయితే అండాశయం, ఎముక మజ్జ కూడా. ఐస్ పెట్టెలో, గడ్డకట్టకుండా, 24 గంటల లోపు చేరాలి. మందు నీళ్లు తాగుతున్న పిల్లల్ని పంపితే ఏమీ పెరగకపోవచ్చు, కాబట్టి మందు మొదలుపెట్టకముందే నమూనా తీయాలి. సీరోటైపు తేల్చమనీ, మందుల సెన్సిటివిటీ (ఏ మందుకి లొంగుతుందో) చూడమనీ కాగితం మీద రాసి మరీ అడగండి. స్థానిక ల్యాబులో తేలకపోతే కల్చర్‌ని (ల్యాబులో పెంచిన బ్యాక్టీరియాని) ఇజత్‌నగర్‌లోని భారత పశువైద్య పరిశోధన సంస్థ ఐవీఆర్ఐకి పంపించే ఏర్పాటు మీ పశువైద్యుడు చేయగలరు.

మూడో గుంపు ఉందో లేదో చూడటానికి మాత్రం రెట్టే కావాలి. కేజీల (పంజరాల) షెడ్డులో ఒకచోట గుప్పెడు తీస్తే చాలదు. అన్ని వరసల కింద నుంచి 60 చోట్ల చిటికెడు చిటికెడు తాజా రెట్ట తీసి కలపండి. నూటికి ఐదు కోళ్లలో ఉన్నా 95 శాతం నమ్మకంతో పట్టుకోవడానికి ఆ 60 అనే లెక్క. లిట్టరు షెడ్డయితే (నేల మీద ఊక పరిచినదైతే) బూట్లకి తడిపిన గుడ్డ తొడుగులు వేసుకుని షెడ్డంతా నడిచి, ఆ తొడుగులే పంపాలి. ఫ్యాను రెక్కల మీద, కేజీల పైన పేరుకున్న దుమ్మునీ ఒక నమూనాగా పెట్టండి. రెట్టలో దొరకనిది దుమ్ములో దొరుకుతుంది.

రక్తపు చుక్క పరీక్ష గురించి ఒక మాట. రంగు యాంటిజెన్ (రంగు కలిపిన, చంపిన బ్యాక్టీరియా ద్రావణం) ఒక చుక్క, కోడి రక్తం ఒక చుక్క తెల్ల పలక మీద కలిపి, రెండు నిమిషాల్లో గడ్డల్లా విడితే పాజిటివ్. 16 వారాలు దాటిన కోళ్లకి ఇది బాగా పనికొస్తుంది. మీ 40 వారాల షెడ్డులో ఇది చేయించండి. అయితే ఎంటరైటిడిస్ కూడా పుల్లోరం గుంపు యాంటిజెన్‌లే మోస్తుంది కాబట్టి ఆ కోళ్లూ పాజిటివ్ చూపిస్తాయి, టీకా వేసినవీ చూపిస్తాయి. పాజిటివ్ వచ్చిన నాలుగైదు కోళ్లని కోసి కల్చర్ చేయిస్తేనే సంగతి తేలుతుంది. రెండు వారాల పిల్లల మీద ఈ పరీక్ష చేసి నెగిటివ్ అంటే అర్థం లేదు, వాటికి యాంటీబాడీలు ఇంకా తయారు కావు.

ఇక మందులు. సెన్సిటివిటీ చూసి ఇచ్చిన యాంటీబయాటిక్ మరణాలని ఆపుతుంది, షెడ్డు నుంచి సాల్మొనెల్లాని తీసెయ్యదు. బతికిన పిల్లలు బ్యాక్టీరియాని ప్లీహంలో, తర్వాత అండాశయంలో దాచుకుని తిరుగుతాయి. మందు ఆపగానే మళ్లీ మొదలైందని మీరు రాసింది అందుకే. పైగా యాంటీబయాటిక్ పేగులోని మంచి బ్యాక్టీరియాని కూడా ఊడ్చేస్తుంది. ఒక రోజు పిల్లకి సోకడానికి పదుల సంఖ్యలో బ్యాక్టీరియా చాలు. పేగు నిండా మంచి బ్యాక్టీరియా ఉన్న పెద్ద కోడికి లక్షల్లో కావాలి. ఫిన్లాండ్‌లో నుర్మి, రంటాలా 1973లో చూపించింది ఇదే. ఆరోగ్యమైన పెద్ద కోడి పేగు పదార్థాన్ని పిల్లలకి తాగిస్తే సాల్మొనెల్లాకి లోపల చోటు దొరకలేదు. మూడు మందులు వరసగా వాడిన మీ పిల్లల పేగు ఇప్పుడు ఖాళీ ఇల్లు లాంటిది.

కోలిస్టిన్ ఇవ్వొద్దు. 2019 జులైలో కేంద్రం ఆహారం కోసం పెంచే జంతువులకి, కోళ్లకి దాన్ని నిషేధించింది, మనుషులకి చివరి ఆయుధంగా మిగిలిన మందు అది. ఫురజోలిడోన్ పాత సీసాలు ఎక్కడైనా మిగిలి ఉంటే పారేయండి. ఎన్‌రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌ని గుడ్లు పెట్టే షెడ్డులోకి రానివ్వొద్దు, దాని అవశేషాలు గుడ్డులోకి దిగుతాయి. పిల్లలకైనా సరే పశువైద్యుడి చీటీ మీద, ఒకే మందు, పూర్తి మోతాదు, పూర్తి రోజులు. సగం రోజులు వాడి మార్చడమంటే మొండి బ్యాక్టీరియాని మీ చేతులతో మీరే పెంచడం.

మీ 6 వేల బ్యాచ్ సంగతి నిర్మొహమాటంగా చెప్పాలంటే, పుల్లోరం అని తేలితే తీసెయ్యడమే మేలు. బతికినవి ఎగుడుదిగుడుగా ఎదుగుతాయి, గుడ్ల శిఖరం అందుకోవు, అన్నిటికంటే ముఖ్యంగా ఏడాదికి పైగా పక్క షెడ్డుకి అంటించే మూలంగా ఉంటాయి. రెండు వారాల వయసులో తీసేస్తే పోయేది పిల్ల ధర, రెండు వారాల మేత. 20వ వారంలో తీసెయ్యాల్సి వస్తే పెట్టిన పెట్టుబడంతా పోతుంది. ఉంచుకోవాలనే అనుకుంటే దాన్ని వేరే ఫారంలా చూడండి: వేరే మనిషి, వేరే చెప్పులు, వేరే బకెట్లు, రోజూ అన్ని షెడ్లూ అయ్యాక చివరికి అక్కడ పని. ఎట్టి పరిస్థితుల్లోనూ వాటి గుడ్లు పొదగేయొద్దు. తెల్లపారుడు, కోళ్ల టైఫాయిడ్ రెండూ ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ జాబితాలో ఉన్నవి, మండల పశువైద్యాధికారికి తెలియజేయండి. రిపోర్టు కాపీ హేచరీకీ పంపండి. అదే బ్యాచ్ పిల్లలు ఇంకెవరికి వెళ్లాయో వాళ్లకే తెలుసు.

చచ్చినవాటిని గొయ్యి తీసి పూడ్చమని అందరూ చెబుతారు. మీ డెల్టాలో నాలుగైదు అడుగులకే నీరు ఊరే చోట్ల అది బోరు నీళ్లలో కలిపినట్టే. కాల్చండి, లేదా ఊక, ఎరువు పొరల మధ్య కంపోస్టు చేయండి, కుక్కలు లాగకుండా చుట్టూ కట్టుదిట్టం చేయండి. కాలవలో వేయడం మాత్రం పక్క ఊరి ఫారానికి పార్సిల్ పంపడమే.

వచ్చే బ్యాచ్‌కి ఇది ఏ దారిన రాగలదు? మొదటి దారి పిల్లలే. పేరెంట్ మందకి (ఆ పిల్లల గుడ్లు పెట్టిన కోళ్లకి) పుల్లోరం రక్తపరీక్ష ఎప్పుడు జరిగింది, ఫలితం ఏంటి అని హేచరీని రాతపూర్వకంగా అడగండి. ధరలో అర్ధరూపాయి తేడా కోసం రెండు హేచరీల పిల్లల్ని ఒకే బ్రూడర్‌లో కలపొద్దు, కలిపాక తప్పు ఎవరిదో ఎవరూ తేల్చలేరు.

రెండో దారి మేత. మన లేయర్ ఫారాల్లో మేత ఎక్కువగా సొంత మిక్సర్‌లో కలిపే పొడి మేత, దానికి వేడి తగలదు. మొక్కజొన్న కంటే నూనెగింజల చెక్కలు, ఎండు చేప, మాంసపు పొడి ఎక్కువ ప్రమాదం. 1970 ప్రాంతంలో పెరూ నుంచి వెళ్లిన చేప పొడితో సాల్మొనెల్లా అగోనా అనే రకం అమెరికా, ఇంగ్లండ్ కోళ్లలోకి చేరి, అక్కడి నుంచి మనుషులకి పాకింది. తీరం నుంచి లూజుగా వచ్చే ఎండు చేప ఇసుక మీద ఆరినది, కాకులూ కుక్కలూ తిరిగినది. పిల్లల మేతలో, గ్రోయర్ మేతలో దాన్ని పూర్తిగా మానేసి సోయాతో ప్రొటీన్ సరిపెట్టండి. పెల్లెట్ మేత కొనేవాళ్లు 80 నుంచి 85 డిగ్రీల వేడిలో కొన్ని నిమిషాలైనా ఉంచారా అని అడగాలి. వేడి తగిలినా కూలర్‌లో చెమ్మపట్టి, పాత దుమ్ము కలిస్తే మళ్లీ మొదటికొస్తుంది. ఫార్మిక్, ప్రొపియోనిక్ ఆమ్లాల మిశ్రమం టన్నుకి 3 నుంచి 5 కిలోలు కలపడం మంచిదే కానీ పొడి మేతలో అది నెమ్మదిగా పనిచేస్తుంది. కలిపిన రోజే శుద్ధి అయిపోయిందనుకోవద్దు. మొక్కజొన్న తేమ 12 శాతం దాటనివ్వొద్దు. గోదాములో పిచ్చుకలు, పావురాలు, బల్లులు తిరక్కుండా వల కొట్టండి. బల్లి రెట్టలో సాల్మొనెల్లా ఉండటం మామూలే.

మూడో దారి ఎలుకలు. నా ఉద్దేశంలో మళ్లీ మళ్లీ పాజిటివ్ వచ్చే ఫారంలో మొదట చూడాల్సింది ఇదే. సోకిన చిట్టెలుక ఒక్క పెంటికలో లక్షకి పైగా బ్యాక్టీరియా ఉండగలవు, రాత్రికి అది యాభైకి పైగా పెంటికలు వేస్తుంది, అవన్నీ మేత తొట్టిలోనే. షెడ్డు ఎంత కడిగినా గోడ కన్నంలో దాక్కున్న ఎలుక కొత్త పిల్లలకి పాత బ్యాచ్ జబ్బుని భద్రంగా అందిస్తుంది. మందు పెట్టాల్సింది షెడ్డు ఖాళీ చేశాక అనుకుంటారు, అప్పటికి ఆలస్యమే. కోళ్లు వెళ్లిపోగానే మేత ఉండదు, ఎలుకలు పక్క షెడ్డుకి, చుట్టుపక్కల చేలలోకి సర్దుకుంటాయి, కొత్త మేత రాగానే తిరిగొస్తాయి. పాత కోళ్లని షెడ్డు నుంచి తీసెయ్యడానికి రెండు మూడు వారాల ముందే మొదలుపెట్టండి. బ్రోమడియోలోన్ 0.005 శాతం బిళ్లలు, మూత ఉన్న పెట్టెల్లో, గోడ వెంట 5, 6 మీటర్లకొకటి. అది తిన్న ఎలుక మూడు నాలుగు రోజులకి గానీ చావదు, అందుకే మిగతావి అనుమానించకుండా తింటూనే ఉంటాయి. తినడం ఆగేదాకా రోజూ నింపుతూ ఉండాలి, మూడు రోజులు పెట్టి మానేస్తే చాలా ఎలుకలు మిగిలిపోతాయి. జింకు ఫాస్ఫైడ్ అయితే రెండు రోజులు మందు లేని ఎర అలవాటు చేసి మూడో రోజు పెట్టాలి, ఒకసారి తిని బతికినది మళ్లీ ముట్టదు. చచ్చినవి కోళ్లకీ కుక్కలకీ అందకుండా ఏరేయండి. పెన్సిల్ దూరే కన్నం చిట్టెలుకకి సింహద్వారం, దాన్ని ఇనుప జాలీ, సిమెంటుతో మూయాలి. వరికోతలప్పుడు చేలలోని ఎలుకలన్నీ మీ షెడ్డు వైపే చూస్తాయి, ఆ నెలలో పెట్టెలు ఖాళీగా ఉంచొద్దు.

నాలుగోది నీళ్లు. ఓవర్‌హెడ్ ట్యాంకు మూత తీసి ఒకసారి లోపల చెయ్యి పెట్టి చూడండి, జిగురు తగిలితే ఆ పొర కింద క్లోరిన్ పనిచేయదు. వెయ్యి లీటర్ల నీటిలో 3 పీపీఎం (లీటరుకి 3 మిల్లీగ్రాముల) క్లోరిన్ కావాలంటే 30 శాతం క్లోరిన్ ఉన్న తాజా బ్లీచింగ్ పొడి 10 గ్రాములు. మూత తీసి నెల్లాళ్లయిన సంచిలో ఆ 30 శాతం ఉండదు, ఎక్కువ పడుతుంది. ముందు రాత్రి బకెట్‌లో కలిపి తేరనిచ్చి, పై తేట మాత్రమే ట్యాంకులో పోయండి, లేకపోతే సున్నం కోళ్లు నీళ్లు తాగే నిపుల్స్‌లో ఇరుక్కుంటుంది. కొలవాల్సింది ట్యాంకులో కాదు, లైన్‌లో ఆఖరి నిపుల్ దగ్గర. అక్కడ 2, 3 పీపీఎం కనిపించాలి. నీటి పీహెచ్ 8 ఉంటే వేసిన క్లోరిన్‌లో నాలుగో వంతే చంపే రూపంలో ఉంటుంది. బోరు నీళ్లు ఉప్పగా, గట్టిగా ఉండేచోట సిట్రిక్ లాంటి ఆమ్లంతో 6.5 దగ్గరికి తెచ్చి, అప్పుడు వాడాలి. ఆమ్లాన్నీ బ్లీచింగ్‌నీ ఒకే బకెట్‌లో నేరుగా కలిపితే విషవాయువు వస్తుంది, జాగ్రత్త. నీళ్లలో టీకా ఇచ్చే రోజుకి 24 గంటల ముందు క్లోరిన్ ఆపాలి.

ఐదోది ఎవరూ పట్టించుకోనిది: అట్ట ట్రేలు. మార్కెట్‌కి వెళ్లిన ట్రేలే పది ఫారాలు తిరిగి మీ షెడ్డులోకి వస్తాయి. అట్టని శుద్ధి చేసే మార్గం లేదు. ప్లాస్టిక్ ట్రేలు మీ ఫారానికే ఉంచుకుని షెడ్డులో వాడండి, అట్ట ట్రేలోకి మార్చడం గుడ్ల గది గుమ్మం దగ్గరే జరగాలి. ఇక గోదావరి జిల్లాల ప్రత్యేకత పందెం కోళ్లు. ఫారం మూల తాటాకు కింద రెండు పుంజులు కట్టేసి ఉంటాయి, వాటిని మేపేది షెడ్డులో పనిచేసే మనిషే. ఊరూరా తిరిగి, పది కోళ్లతో కొట్లాడి వచ్చే పుంజు కోళ్ల టైఫాయిడ్ తేవడానికి తగిన వాహనం. పుంజులు కావాలంటే ఇంటి దగ్గర పెంచుకోవాలి, ఆ మనిషి షెడ్డులోకి రాకూడదు. ఇది చెబితే కోపాలొస్తాయి, అయినా చెప్పక తప్పదు.

ఇప్పుడు ఖాళీ షెడ్డు. ఎండిన రెట్టలో, దుమ్ములో ఈ బ్యాక్టీరియా ఏడాదికి పైగా బతకగలదు, కాబట్టి తాళం వేసి నెల్లాళ్లు ఆగినంత మాత్రాన పోదు. వరస తప్పకుండా చేయాలి. ఎరువంతా తీసి ఫారం గట్టు దాటించండి, షెడ్డు పక్కన కుప్ప పోయొద్దు. పైకప్పు, ఫ్యాన్లు, కేజీల నుంచి దుమ్ము, బూజు పొడిగానే దులపండి. తర్వాత డిటర్జెంట్ నురగ కొట్టి 20, 30 నిమిషాలు నాననిచ్చి, పైనుంచి కిందికి ప్రెషర్ నీళ్లతో కడగాలి. కడిగాక పూర్తిగా ఆరాలి. తడి నేల మీద మందు కొడితే పలచబడి పోతుంది. ఆరాక గ్లుటరాల్డిహైడ్, క్వాటర్నరీ అమ్మోనియం కలిసిన క్రిమిసంహారక మందు లేబుల్ మోతాదులో, చదరపు మీటరుకి 300 మిల్లీలీటర్ల చొప్పున. అంటే వెయ్యి చదరపు అడుగుల నేలకి దాదాపు 28 లీటర్ల ద్రావణం. చేతి పంపుతో పది లీటర్లు చిలకరించి అయిందనిపించే పని కాదిది. మట్టినేల అయితే పై పొర గీరి తీసి కొత్త మట్టి, సున్నం వేయాలి. బ్లీచింగ్ పొడి రెట్ట తగిలిన చోట చచ్చుబడుతుంది, దాన్ని నేల మీద చల్లడం కంటికి ఇంపుగా ఉండటానికే. బ్లో ల్యాంప్‌తో ఈకలు, సాలెగూళ్లు కాల్చడం మంచిదే, ఇనుము వేడెక్కేలోపే మనిషి ముందుకి జరిగిపోతాడు కాబట్టి దాన్ని శుద్ధిగా లెక్కించొద్దు.

ఫార్మాలిన్ పొగ గురించి అందరూ అడుగుతారు. మన లేయర్ షెడ్లు పక్కలు తెరిచినవి, గ్యాస్ అందులో నిలవదు. అక్కడ పొగ పెట్టడం డబ్బు గాలికి వదిలెయ్యడమే. మూయగలిగిన గుడ్ల గది, మేత గది ఖాళీ చేసినప్పుడు వాడుకోండి. మామూలు మోతాదు 100 ఘనపుటడుగులకి 40 మిల్లీలీటర్ల ఫార్మాలిన్, 20 గ్రాముల పొటాషియం పర్మాంగనేట్. ఖాళీ గదికి దానికి మూడింతలు. పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తున్న గదికి 1,200 మిల్లీలీటర్లు, 600 గ్రాములవుతుంది. దాన్ని మూడు, నాలుగు లోతైన మట్టి పాత్రల్లో పంచండి, ఎందుకంటే బుసబుసా పొంగుతుంది. గోడలకి కాస్త నీళ్లు చల్లి తేమ ఉంచండి. పర్మాంగనేట్ ముందు వేసి, దాని మీద ఫార్మాలిన్ పోయాలి, గుమ్మానికి దూరంగా ఉన్న పాత్ర నుంచి మొదలుపెట్టి వెనక్కి నడుస్తూ బయటికి రావాలి. ప్లాస్టిక్ పాత్ర కరిగి అంటుకుంటుంది. ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కారకం, సరైన మాస్కు లేకుండా ఎవరినీ లోపలికి పంపొద్దు. ఒక రోజంతా మూసి, తర్వాత బాగా గాలి తగలనివ్వాలి.

మందు కొట్టి ఆరాక కేజీ మూలలు, మేత తొట్టి కింద, ఫ్యాను రెక్కలు, గోడ బీటలు, డ్రెయిన్ నుంచి తడి దూదితో తుడిచి ల్యాబ్‌కి పంపండి. ఒక్కటి పాజిటివ్ వచ్చినా ఆ చోటు మళ్లీ కడగాలి. ఫలితం రాకముందే పిల్లలకి ఆర్డర్ పెడితే, వచ్చినదాన్ని పట్టించుకునే ఓపిక మీకుండదు.

టీకాల విషయం. పుల్లోరానికి టీకా దారి లేదు, పేరెంట్లలో పరీక్షించి తీసెయ్యడమే దారి. గాలినారం, ఎంటరైటిడిస్ టీకాలు ఉన్నాయి, మన దగ్గర దొరికేవాటిలో ఏది అనుమతి ఉన్నదో పశువైద్యుడితో తేల్చుకోండి. టీకా వేస్తే బ్యాక్టీరియా విసర్జన తగ్గుతుంది, పూర్తిగా ఆగదు. ఇంగ్లండ్‌లో 1988 డిసెంబరులో మంత్రి ఎడ్వినా కర్రీ దేశంలో గుడ్ల ఉత్పత్తి చాలావరకు సాల్మొనెల్లా బారిన పడిందని అని, గుడ్ల అమ్మకాలు కూలిపోతే పదవి వదులుకున్నారు. తర్వాత 1998 నుంచి సింహం ముద్ర ఉన్న గుడ్ల ఫారాల్లో టీకా, పరీక్షలు తప్పనిసరయ్యాయి. 2017లో ఆ గుడ్లు గర్భిణులు కూడా సగం ఉడికించి తినవచ్చని అక్కడి ఆహార సంస్థే చెప్పింది. పట్టిన కాలం దాదాపు ముప్పై ఏళ్లు.

చివరగా మీ రెండో షెడ్డు గుడ్లు. రక్తపరీక్ష, 60 చోట్ల రెట్ట పరీక్ష రెండూ నెగిటివ్ వస్తే మామూలుగా అమ్ముకోండి. పుల్లోరమో గాలినారమో అయితే తినేవాళ్లకి దాదాపు భయం లేదు, ఏ గుడ్డూ హేచరీకి మాత్రం వెళ్లకూడదు. ఎంటరైటిడిస్ అయితే కష్టం. అది అండాశయంలోకి చేరి పెంకు తయారవకముందే గుడ్డు లోపలికి వస్తుంది, కాబట్టి పెంకు ఎంత శుభ్రంగా ఉన్నా లాభం లేదు. సోకిన మందలోనూ చాలా కొద్ది గుడ్లలోనే, అదీ పదుల సంఖ్యలోనే బ్యాక్టీరియా ఉంటాయి. తెల్లసొన వాటిని పెరగనివ్వదు, అందులో ఇనుము దొరకనివ్వదు. కానీ గుడ్డు పాతబడే కొద్దీ, ఎండకి కాగే కొద్దీ పచ్చసొన చుట్టూ ఉన్న పొర వదులై పోషకాలు బయటికి కారతాయి, అప్పుడు బ్యాక్టీరియా లక్షల్లోకి వెళ్తాయి. మే నెలలో రేకుల గదిలో వారం ఉన్న గుడ్డుకీ నిన్నటి గుడ్డుకీ తేడా అది. అలాంటి మంద గుడ్లని పూర్తిగా ఉడికించే, లేదా పాశ్చరైజ్ చేసే (వేడితో బ్యాక్టీరియాని చంపే) ప్రాసెసింగ్ యూనిట్‌కే పంపాలి. హోటళ్లకి, ముఖ్యంగా పచ్చి గుడ్డుతో మయోనైజ్ చేసేవాళ్లకి అస్సలు వద్దు. 2024 అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డు మయోనైజ్‌ని ఏడాది పాటు నిషేధించింది ఊరికే కాదు.

గుడ్లు కడగాలా అంటే, మన పద్ధతిలో వద్దు. చల్లటి నీళ్లలో ముంచితే లోపలి గాలి కుంచించుకుని, రంధ్రాల గుండా పెంకు మీది మురికిని లోపలికి లాక్కుంటుంది. కడిగే దేశాల్లో గుడ్డు కంటే కనీసం 11 డిగ్రీలు వేడిగా ఉన్న నీళ్లు వాడి, వెంటనే శీతల గొలుసులో పెడతారు. మీరు రెట్ట అంటిన గుడ్లని వేరు తీసి, పొడి గుడ్డతో తుడిచి, విడిగా అమ్మండి. పగిలినవి ఇంట్లో కూడా ఆమ్లెట్‌కి తప్ప వాడొద్దు, అదీ బాగా కాలాలి. 74 డిగ్రీలు తగిలితే ఏ సాల్మొనెల్లా బతకదు.

గుడ్ల ధర పడిపోయినప్పుడు ఆ షెడ్డు కోళ్లకి మేత ఆపి ఈకలు రాల్చే (గుడ్లు ఆపించి, తర్వాత మళ్లీ పెట్టించే) ఆలోచన ఉంటే, ఈ ఏడాది మానుకోండి. రోజుల తరబడి ఆకలితో ఉన్న కోడి పేగు తన కాపలా కోల్పోతుంది, విసర్జన ఎన్నో రెట్లవుతుంది, నిద్రపోతున్న సోకు షెడ్డంతా పాకుతుంది. తప్పదనుకుంటే తవుడు ఎక్కువగా కలిపిన తక్కువ బలం మేతతో చేయించండి.

కొత్త పిల్లలు దిగే రోజున పెట్టెల్లో పరిచిన కాగితాలు పారేయకుండా పది పెట్టెలవి తీసి, దారిలో చచ్చిన పిల్లలతో కలిపి అదే రోజు ల్యాబ్‌కి పంపండి. మొదటి గుక్క నీళ్లు తాగకముందు తీసిన నమూనా అది. అందులో పాజిటివ్ వస్తే మూలం హేచరీ. నెగిటివ్ వచ్చి రెండో వారంలో మరణాలు మొదలైతే వెతకాల్సింది మీ షెడ్డులోనే.